పాత వైర్ వీల్స్: బోల్టు రంధ్రాలు కలిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మన నగరంలో కొందరు కుర్రాళ్లు పాత జీపు ఛాసిస్‌ల మీద హాట్ రాడ్ బండ్లు, అంటే పాత బండి రూపాన్నీ ఇంజన్నీ తమకు నచ్చినట్టు మార్చినవి, కట్టుకుంటున్న సంగతి గత ఆదివారం మీ అనుబంధంలో చదివాను. బాగా రాశారు. చేతిపని మీద మనసు పెట్టిన పిల్లల గురించి పత్రికల్లో రావడమే తక్కువ. అయితే అందులో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. 1935 నాటి ఫోర్డ్ వైర్ వీల్స్ (తీగ స్పోకుల చక్రాలు) జీపు బ్రేకు డ్రమ్ములకు అచ్చుగుద్దినట్టు సరిపోయాయని రాశారు. అది చదివిన మరో పదిమంది అలాంటి చక్రాల కోసం ఎర్రగడ్డ సంతకో, పుత్లీబౌలి దుకాణాలకో బయల్దేరతారు. ఆ చక్రాలు బిగించి రోడ్డెక్కేలోపు ఈ ఉత్తరం వాళ్ల కంట పడాలని రాస్తున్నాను.

నేను ఆర్టీసీ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ముషీరాబాద్‌లో ఇంటి పక్కనే చిన్న షెడ్డు ఉంది. పాత కార్లు, మోటార్ సైకిళ్ల చక్రాలకు ఔట్ తీయడం (ఊగకుండా తిన్నగా తిరిగేలా సరిచేయడం), స్పోకులు మార్చడం, హబ్బులు (చక్రం బిగించే నడిమి భాగాలు) చూడడం ఇప్పుడు నా పని. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో హాట్ రాడ్ పిల్లలు కూడా ఉంటున్నారు. వాళ్లంటే నాకు చాలా ఇష్టం. ఆ ఇష్టంతోనే కొంచెం గట్టిగా చెప్తున్నాను.

ఆ చక్రాలు జీపుకు సరిపోయినట్టు కనిపించడానికి కారణం ఉంది. అప్పటి ఫోర్డ్ చక్రానికి ఐదు బోల్టులు, ఐదున్నర అంగుళాల వృత్తం మీద ఉంటాయి. మన జీపుకూ అదే కొలత, మొదట జీపులు చేసిన విల్లీస్ కంపెనీ కాలం నుంచీ అదే. మారుతి జిప్సీకి కూడా అదే. కాబట్టి చక్రం ఎత్తి స్టడ్ల (డ్రమ్ము నుంచి బయటికి ఉండే బోల్టుల) మీద పెడితే చక్కగా కూర్చుంటుంది, నట్లు చేత్తోనే ఎక్కుతాయి. చూసేవాళ్లకు ఇక అనుమానం ఎందుకొస్తుంది?

ఫోర్డ్ కంపెనీ 1928, 29 మోడల్ ఎ కార్లకు 21 అంగుళాల వైర్ వీల్స్ ఇచ్చింది. 1930, 31లో అవి 19కి తగ్గాయి, 1932లో 18, 1933, 34లో 17. చివరిగా 1935లో 16 అంగుళాలవి వచ్చాయి. మరుసటి ఏడాది నుంచి రేకు డిస్కు చక్రాలు వచ్చేశాయి. హాట్ రాడ్ వాళ్లందరూ ఆ చివరి 16 అంగుళాల చక్రం మీదే కన్నేయడానికి కారణం టైరు. మన దగ్గర జీపుకు వేసే 6.00-16 టైరు దానికి పడుతుంది, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

అసలు చిక్కు చక్రం వెనకవైపు ఉంది. ఈ చక్రం మధ్య భాగం దళసరి ఇనుప దిమ్మ కాదు, నొక్కి మలిచిన రేకు. దాన్ని తయారుచేసిన రోజున నట్లు బిగించే చోటే కాకుండా బోల్టుల వృత్తానికి బయట కూడా హబ్బు ఆసరా ఉండేలా చేశారు. బండి బరువు, బ్రేకు గుంజుడు, మలుపులో పక్కకు పడే తోపు, అన్నీ స్పోకుల నుంచి ఆ రేకులోకి వస్తాయి. అక్కడి నుంచి ఆ బయటి ఆసరా మీదుగా హబ్బుకు చేరతాయి. వేరే డ్రమ్ముకు ఆ ఆసరా లేకపోతే భారమంతా నట్ల చుట్టూ ఉన్న కాస్త రేకు మీదే పడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ రేకు కాస్త వంగి మళ్లీ వెనక్కి వస్తుంది. అలా వంగి వంగి బోల్టు రంధ్రాల దగ్గర పగులు మొదలవుతుంది.

ఇది నేను కనిపెట్టిన విషయం కాదు. అమెరికాలో హాట్ రాడ్లు కట్టినవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సుల మైదానాల మీద పాత ఫోర్డులతో పందేలు వేసుకున్న కుర్రాళ్లతోనే ఈ పని మొదలైంది. వాళ్ల పందేలను ఒక పద్ధతిలో పెట్టే సంఘం 1937లోనే ఏర్పడింది. ఇనుప కడ్డీలతో లాగే పాత బ్రేకులు చాలక వాళ్లు 1940 నుంచి 48 దాకా వచ్చిన ఫోర్డు హైడ్రాలిక్ బ్రేకులు తెచ్చి వేసుకునేవారు. బోల్టులు కలిసేవి, ఆసరా మాత్రం కలిసేది కాదు. అందుకని డ్రమ్ముకూ చక్రానికీ మధ్య, బోల్టులకు బయటి వైపున ఒక ఇనుప రింగు వేయడం వాడుకలోకి వచ్చింది. ఇప్పటికీ అక్కడ ఆ రింగులు అమ్ముతారు. మనవాళ్లు చక్రాల ఫొటో చూస్తున్నారు కానీ వెనక దాగున్న రింగును చూడడం లేదు. బిగించాక అది బయటికి కనపడదు కదా.

మొన్న వేసవిలో మల్కాజిగిరి నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పాత జీపు ఛాసిస్, దాని మీద డీజిల్ ఇంజను, ముందు రేకు అంతా తనే కొట్టుకున్నాడు. పని చాలా శుభ్రంగా ఉంది. నాలుగు ఫోర్డ్ చక్రాలు ఎక్కించుకుని వచ్చి, "ఇవి బానే కూర్చున్నాయి అంకుల్, ఔట్ ఒక్కటి చూసిస్తే చాలు" అన్నాడు.

ముందు చక్రం విప్పించాను. డ్రమ్ము ముఖాన్ని గుడ్డతో తుడిచి, ఫిట్టర్లు వాడే నీలం రంగు వేలితో పల్చగా పూశాను. ఈ పనిలో మందంగా పూస్తే మోసపోతాం, అద్దం మీద ఊదిన ఆవిరంత పల్చగా ఉండాలి. చక్రం పెట్టి, ఎదురెదురు నట్లు వరసగా బిగించి, మళ్లీ విప్పి వెనక్కి తిప్పి చూపించాను. ప్రతి రంధ్రం చుట్టూ రూపాయి బిళ్ల అంత మేర నీలం అంటింది. దానికి బయట, అంచు వరకూ, చుక్క రంగు లేదు. మళ్లీ బిగించి, సందు కొలిచే పల్చటి రేకుల కట్ట, ఫీలర్ గేజ్, అతని చేతికే ఇచ్చాను. రేకు మీద రేకు పెడుతూ పోయాడు, అన్నీ దూరుతూనే ఉన్నాయి.

"ఇంత సందుకే ఏమవుతుంది అంకుల్?"

"ఈ సందులోనే నీ చక్రం ఊగుతుంది నాన్నా. నిలబడి ఉన్నప్పుడు కాదు, అరవైలో బ్రేకు కొట్టినప్పుడు."

ఆ అబ్బాయి ఇంకో మాట అడగలేదు. మిగతా మూడు చక్రాలూ తనే విప్పి, తనే రంగు పూసి చూసుకున్నాడు.

బాలానగర్‌లో నాకు తెలిసిన టర్నర్ ఉస్తాద్ ఉన్నారు. ఆయన దగ్గర మైల్డ్ స్టీల్ ప్లేటు నుంచి నాలుగు రింగులు తీయించాం. ఇక్కడ పిల్లలు గమనించాల్సింది ఒకటుంది. నాలుగు డ్రమ్ముల్లోనూ సందు ఒకేలా లేదు. పాత డ్రమ్ము అరుగుదల ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. కాబట్టి దేని కొలత దానికే తీసుకోవాలి, దేని రింగు దానికే చేయించాలి, దేని మీద దాని నంబరు కొట్టించాలి. గ్యాస్ కట్టర్‌తో కోసి గ్రైండరుతో నున్నగా చేసిన రింగు పనికిరాదు. రెండు ముఖాలూ లేత్ మీద ఒకదానికొకటి సమానంగా రావాలి. మందం ఎక్కువైతే రంధ్రాల దగ్గర సందు వచ్చి, నట్లు బిగించేటప్పుడు రేకు లోపలికి వంగిపోతుంది. తక్కువైతే రింగు వేసినా వేయనట్టే. వేశాక మళ్లీ నీలం పూసి చూడాలి. నట్ల చుట్టూ, బయటి అంచునా రెండు చోట్లా రంగు అంటితేనే పని అయినట్టు. కార్డ్‌బోర్డు ముక్కలు, వాషర్లు పెట్టి సర్దిన చక్రాలు నేను చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు.

నట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అరంగుళం స్టడ్డుకు అంగుళానికి 20 మరలు ఉంటాయి. నట్టు స్టడ్డు మందమంత లోతైనా ఎక్కాలంటే కనీసం పది చుట్లు తిరగాలి. నాలుగైదు చుట్లకే బిగుసుకుంటే స్టడ్డు పొట్టిదని అర్థం, మార్చాల్సిందే. చాలా పాత జీపులకు ఎడమవైపు స్టడ్లు ఎడమ మరలతో (మామూలుకు వ్యతిరేక దిశలో బిగిసేలా) ఉంటాయి, తెలియక పైపు వేసి తిప్పి విరగ్గొట్టుకోవద్దు. నట్టు కూర్చునే గుంటలో రంగు గానీ పౌడర్ కోటింగ్ గానీ ఉండకూడదు. బండి నడిచాక ఆ పూత నలిగిపోతుంది, నట్టు వదులవుతుంది. యాభై, అరవై కిలోమీటర్లు తిరిగాక బండి ఆపి మళ్లీ బిగువు చూసుకోవాలి.

పగుళ్ల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగంలో ఆపినట్టే. ఈ చక్రాల వయసు తొంభై ఏళ్లు. ఎన్ని గుంతల్లో పడ్డాయో, ఎన్నేళ్లు ఏ షెడ్డు వెనక తడిశాయో ఎవరికీ తెలియదు. నగరంలోనే ఒక దుకాణంలో కొన్న చక్రాన్ని ఒకాయన నా దగ్గరికి తెచ్చారు. ఎర్ర రంగు మెరిసిపోతోంది. రంగు తీస్తే రెండు బోల్టు రంధ్రాల మధ్య పగులులో మెటల్ పేస్టు కూరి, రుద్ది, పైన రంగు కొట్టారు. అమ్మినవాళ్లకు అది తెలియకుండా జరిగింది కాదు. అంత శ్రద్ధగా పగులును దాచగలిగిన చెయ్యి, ఆ చక్రాన్ని పక్కన పారేయగలదు కూడా. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం తగ్గదు. ఆ బండిలో ఎవరి పిల్లలో కూర్చుంటారు.

పగులు చూసే పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. మూడు డబ్బాల పరీక్ష అంటారు. శుభ్రం చేసే ద్రావకం, ఎర్ర రంగు, తెల్ల పొడి. ఎర్ర రంగు చల్లి కాసేపు ఆగి, పైది తుడిచేసి, తెల్లది చల్లితే పగులు ఉన్నచోట వెంట్రుకంత ఎర్ర గీత తేలుతుంది. బాలానగర్, సనత్‌నగర్ వైపు వెల్డింగ్ తనిఖీ చేసేవాళ్ల దగ్గర ఇది మామూలు పని. అయితే పాత రంగును పెయింట్ రిమూవర్‌తో తీయాలి. షాట్ బ్లాస్టింగ్ (ఇనుప గుళ్లు వేగంగా చిమ్మి రంగు తీయడం) చేయిస్తే దెబ్బలకు ఇనుము సాగి సన్న పగుళ్ల నోళ్లు మూసుకుపోతాయి, ఎర్ర రంగు లోపలికి దిగదు. పరీక్ష పాసైనట్టే కనిపిస్తుంది. అందుకే ముందు పరీక్ష, తర్వాతే బ్లాస్టింగ్, రంగు.

ఫోర్డ్ చక్రాల స్పోకులు రెండు చివరలా వెల్డు చేసి ఉంటాయి. సైకిల్ చక్రానికి తిప్పినట్టు నిపుల్ (స్పోకు చివర ఉండే చిన్న నట్టు) తిప్పి ఔట్ తీయడం కుదరదు. ఒక స్పోకు ఊడితే వీధి చివర వెల్డింగ్ షాపులో అంటించేస్తే సరిపోతుందని అనుకుంటారు. ఆ వేడికి రిమ్ము ఒకవైపు లాగేస్తుంది, పక్క స్పోకు వెల్డు బలహీనపడుతుంది. చిన్న స్పానర్‌తో ఒక్కో స్పోకునూ తట్టి చూడండి. బాగున్నది గణగణమంటుంది. విరిగినదీ వదులైనదీ చప్పగా మోగుతుంది. చెవి అలవాటు పడితే కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఎడ్లబండి చక్రంలో ఆకు నిలబడి బరువు మోస్తుంది. తీగ స్పోకు అలా మోయలేదు, లాగి పట్టుకోవడమే దాని పని. ఇంగ్లిష్ కార్లకు వచ్చే నిపుల్ ఉన్న వైర్ వీల్స్‌లో ఇది స్పష్టంగా తెలుస్తుంది. చక్రం కింద ఉన్న స్పోకు ప్రతి చుట్టులోనూ కాస్త వదులై మళ్లీ బిగుసుకుంటుంది. అన్ని స్పోకుల బిగువూ సమానంగా ఉంటేనే ఆ మార్పును తట్టుకుంటాయి. ఒకటి వదులైతే దాని భారం పక్కదాని మీద పడుతుంది, కొన్నాళ్లకు అదీ తెగుతుంది. స్పోకు చివరలు ట్యూబును గుచ్చకుండా లోపల రబ్బరు ఫ్లాప్ తప్పనిసరి. ట్యూబు లేకుండా వేయిస్తామనే మాటలు నమ్మొద్దు, నిపుళ్ల సందుల్లోంచి గాలి పోతుంది.

ఎంజీ, జాగ్వార్ కార్ల మాదిరి నడిమధ్య ఒకే పెద్ద నట్టుతో బిగించే చక్రాలు హాట్ రాడ్‌కు వేయాలనుకునేవాళ్లు ఒకటి తప్పక తెలుసుకోవాలి. ఆ కార్లలో కుడివైపు హబ్బుకు ఎడమ మర, ఎడమవైపు హబ్బుకు కుడి మర ఉంటుంది. బండి నడిచేకొద్దీ నట్టు తనంతట తాను బిగుసుకునేలా చేసిన ఏర్పాటు అది. హబ్బులు అటుదిటు వేస్తే అదే నట్టు నడుస్తూ నడుస్తూ విడిపోతుంది. ఎంత గట్టిగా సుత్తితో కొట్టి బిగించినా ఆగదు. హబ్బూ చక్రమూ ఒకదానిలో ఒకటి కూర్చునే పళ్లను చేత్తో తడిమి చూడండి. కత్తి మొనల్లా వాడిగా అరిగితే హబ్బూ చక్రమూ రెండూ మార్చాలి.

క్రోమ్ మీద మోజు పడేవాళ్లకు కూడా ఒక మాట. గట్టి ఉక్కు స్పోకులకు క్రోమ్ పూసేటప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి చేరి దాన్ని పెళుసుగా మారుస్తుంది. పూత అయిన వెంటనే కొన్ని గంటలపాటు ఓవెన్‌లో రెండు వందల డిగ్రీల దరిదాపుల్లో ఉంచితే ఆ హైడ్రోజన్ బయటికి పోతుంది. బైకు సైలెన్సర్లకు పూత వేసేచోట మామూలుగా అది చేయరు. స్పోకులకు రంగే మేలు. నాకైతే రంగు వేసిన చక్రమే అందంగా కూడా కనిపిస్తుంది.

టైరు విషయంలో ఒకటే చెప్తాను. 1935 రిమ్ము వెడల్పు నాలుగంగుళాలు. దానికి ఎస్‌యూవీ వెడల్పు రేడియల్ టైరు వేయిస్తే అంచులు లోపలికి ముడుచుకుంటాయి, మలుపులో టైరు పక్కకు దొర్లుతుంది. 6.00-16 జీపు టైరు, కొత్త ట్యూబు, కొత్త ఫ్లాప్ చాలు. ఇంజను గురించి కూడా ఆలోచించాలి. ఆ చక్రాన్ని చేసింది 85 హార్స్ పవర్ ఫోర్డు వి8 కోసం. ఇప్పటి టర్బో డీజిల్ కింది గేర్లలో గుంజే గుంజుడు దానికి లెక్కలో లేదు. ఎక్కువ ఇంజను పెట్టాలనుకునేవాళ్లు పాత చక్రాలు బండి పక్కన ప్రదర్శనకు పెట్టుకుని, నడపడానికి దళసరి మధ్యభాగంతో కొత్తగా చేసిన వైర్ వీల్స్ తెప్పించుకుంటే మంచిది. ఖర్చే, కాదనను.

చట్టం సంగతి మీ కథనంలో రాలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చి రోడ్డు మీద తిప్పకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు యాభై ఏళ్లు దాటిన, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండ్లకే వర్తిస్తాయి. వాటిని కూడా రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. హాట్ రాడ్ అంటేనే మార్చిన బండి కాబట్టి ఆ దారి దానికి లేదు. పిల్లలు రాత్రిపూట నెక్లెస్ రోడ్డు మీద, ఔటర్ సర్వీసు రోడ్ల మీద తిప్పి చూసుకుంటున్నారు. వాళ్లకు వేరే చోటు లేకపోవడమే కారణమని నాకు తెలుసు. అయినా ఆ రోడ్ల మీద పాల బండ్లు, పూల బండ్లు, డ్యూటీ దిగి ఇంటికి పోయేవాళ్లు ఉంటారు. సొంత స్థలంలోనో, అనుమతి తీసుకున్న ఆవరణలోనో నడుపుకోండి.

మీకు రెండు విన్నపాలు. మళ్లీ ఇలాంటి బండి ఫొటో వేసినప్పుడు చక్రం విప్పి దాని వెనక వైపు కూడా ఒక ఫొటో వేయండి. డ్రమ్ము మీద ఏది ఎక్కడ ఆనుతోందో చదివేవాళ్లు చూస్తారు. రెండోది, ఐటీఐల్లో ఫిట్టర్, టర్నర్ నేర్చుకునే పిల్లలకు నీలం రంగుతో ఆనుడు చూడడం ఇంకా నేర్పిస్తూనే ఉన్నారు. హాట్ రాడ్ కుర్రాళ్లనూ వాళ్లనూ ఒకచోట కలిపేలా మీ అనుబంధంలో ఏదైనా రాయించండి. ఒకరి దగ్గర బండి ఉంది, ఇంకొకరి దగ్గర పని ఉంది.

మల్కాజిగిరి అబ్బాయి చక్రాల్లో ఒకదాని మీద మూడు డబ్బాల పరీక్షలో ఎర్ర గీత తేలింది. ఆ ఒక్కటీ పక్కన పెట్టి అలాంటిదే ఇంకొకటి వెతుకుతున్నాడు. ఎవరి దగ్గరైనా పగులు లేని 1935 నాటి 16 అంగుళాల చక్రం ఉంటే రంగు వేయకుండా ఉంచండి, మేమే వచ్చి చూసుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
ముషీరాబాద్, హైదరాబాద్